తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి

ఇంట్లో పాకే బిడ్డ ఉంటే, కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించకముందే బాల్కనీకి గ్రిల్ బిగించేస్తాం. కిటికీలకు ఊచలు, పావురాల వల, ప్రధాన తలుపుకు బయట మరో ఇనుప గేటు, దానికో తాళం. మూడో అంతస్తు పిట్టగోడ మీద నుంచి పిల్లాడు తొంగిచూస్తే కన్నవాళ్ల ప్రాణం ఎలా విలవిల్లాడుతుందో ఎరిగినవారెవరూ ఈ జాగ్రత్తను తప్పుపట్టరు. అయితే ఈ ఏర్పాట్లన్నీ రెండు భయాలతో చేసుకున్నవి. పిల్లలు కింద పడకూడదు, దొంగ లోపలికి రాకూడదు. నిప్పు ఇంట్లోనే పుట్టి, మనమే బయటపడాల్సి వచ్చిన పూట ఈ గ్రిల్లూ ఈ తాళమూ మనకు దారి ఇస్తాయా అని ఆలోచించి బిగించినవాళ్లు తక్కువ.

2021 సెప్టెంబరులో బెంగళూరు దేవరచిక్కనహళ్లిలోని ఓ అపార్ట్‌మెంట్‌లో మంటలు లేచాయి. వయసు పైబడిన తల్లి, ఆమె కూతురు బాల్కనీలో గ్రిల్ వెనుక చిక్కుకుపోయారు. ఇద్దరూ చనిపోయారు. ఈ సంగతి చెప్పి మిమ్మల్ని గ్రిల్ పీకేయమనడం నా ఉద్దేశం కాదు. దానిలో చిన్న తలుపు పెట్టించండి. పెద్ద మనిషి బిడ్డను చంకనేసుకుని దూరగలిగేంత ఉంటే చాలు. వెల్డింగ్ పనివాళ్లకు అది పెద్ద పనేమీ కాదు. దానికి తాళం వేసుకోండి, తాళం చెవి మాత్రం ఆ పక్కనే గోడకు, చిన్నపిల్లలకు అందనంత ఎత్తులో మేకుకు వేలాడాలి. బీరువాలోనో, నాన్న బండి తాళాల గుత్తిలోనో ఉన్న చెవి ఆ వేళకు దొరకదు. పై అంతస్తుల్లో ఆ తలుపులోంచి దూకమని కాదు. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెన వేసుకుని వస్తే లోపలున్నవాళ్లను అందుకోవడానికి అదే దారి.

ప్రధాన తలుపు సంగతీ అంతే. బిడ్డ నిద్రపోతోంది కదా, ఒక్క అడుగు వేసి పాల ప్యాకెట్ తెచ్చేద్దామని బయట తాళం వేసి వెళ్లే అలవాటు మన ఇళ్లలో మామూలే. దయచేసి మానండి. పక్కింటి పిన్నిగారిని కూర్చోబెట్టి వెళ్లండి, లేదంటే నిద్రపోతున్న బిడ్డనే భుజాన వేసుకుని వెళ్లండి. రాత్రిళ్లు లోపలి నుంచి తాళం వేసుకునే ఇళ్లలో తాళం చెవి ఎప్పుడూ తలుపు దగ్గరే ఒకే చోట ఉండాలి. చీకట్లో, నిద్రమత్తులో, పొగలో వెతకాల్సి రాకూడదు.

పొగ అన్నాను. అగ్నిప్రమాదం అనగానే మన కళ్ల ముందు మంట మెదులుతుంది. పిల్లలకు నేర్పేదీ నిప్పును ముట్టుకోవద్దనే. హైదరాబాద్‌లో గత కొన్నేళ్లలో జరిగిన ఘోరాలను వరుసగా చూడండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో ఎనిమిది మంది పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక చనిపోయారు. 2025 మే 18, ఆదివారం తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న ఇంట్లో పదిహేడు మంది పోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. లోపలికీ బయటికీ ఉన్నది ఒక ఇరుకు దారే. ఇక్కడా ఎక్కువ మంది ప్రాణం తీసింది పొగ.

ఎందుకంటే మంట ఉన్నచోటే ఉండి పెరుగుతుంది, పొగ మాత్రం పైకి పరుగెడుతుంది. సెల్లార్‌లో నిప్పంటుకుంటే మెట్లదారి, లిఫ్టు గుంత నిలువునా పొగగొట్టాలైపోతాయి. నాలుగో అంతస్తులో తలుపు తీసేసరికి మెట్ల మీద చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. సోఫాల్లో ఫోమ్, కర్టెన్లు, ప్లాస్టిక్ బొమ్మలు కాలినప్పుడు వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. నిద్రలో ఉన్న మనిషిని అది లేపదు, మరింత మత్తులోకి నెడుతుంది. పెద్దలకంటే పిల్లలు వేగంగా ఊపిరి తీసుకుంటారు కాబట్టి ఆ విషం వాళ్ల ఒంట్లోకి త్వరగా చేరుతుంది. తల్లిదండ్రులుగా మన ఆలోచన మొదలు కావాల్సింది ఇక్కడినుంచి. అర్ధరాత్రి ఇంట్లోకి పొగ వస్తే మనకు ఎలా తెలుస్తుంది? తెలిశాక పిల్లలతో ఏ దారిన బయటపడతాం?

మొదటిదానికి జవాబు స్మోక్ అలారం. పెద్ద టవర్లలో బిల్డరే బిగించి ఉండొచ్చు. మామూలు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఉండదు. బ్యాటరీతో నడిచేది కొనుక్కుని, పడకగదుల ముందున్న హాలు పైకప్పుకు బిగించుకోవచ్చు. వంటింటికి మరీ దగ్గరగా వద్దు. పోపు ఘాటుకు మోగుతుంటే విసుగొచ్చి బ్యాటరీ తీసి పక్కన పెట్టేస్తారు, ఇక అది ఉన్నా లేనట్టే. నెలకోసారి మీట నొక్కి మోగుతోందో లేదో చూసుకోవాలి.

అయితే అలారం మోగితే పిల్లలు లేస్తారని అనుకోకండి. బ్రిటన్‌లో డండీ విశ్వవిద్యాలయం వాళ్లు 34 మంది పిల్లలు నిద్రలో ఉండగా ఇంటి అలారాన్ని పలుమార్లు మోగించి చూశారు. 27 మంది ఒక్కసారీ లేవలేదు. చిన్నతనపు నిద్ర అంత గాఢం. అందుకే పిల్లలను లేపే పని పెద్దవాళ్లదే, ఎవరు ఎవరిని లేపాలన్నది ముందే అనుకుని ఉండాలి. చంటిదాన్ని అమ్మ ఎత్తుకుంటుంది, పెద్దాడిని నాన్న లేపుతాడు, నాన్నమ్మ చెయ్యి ఎవరు పట్టుకుంటారు? నాన్న రాత్రి డ్యూటీలో ఉంటే అప్పుడెలా? అనుకోని ఇంట్లో ఇద్దరూ ఒకే బిడ్డ దగ్గరికి పరుగెడతారు, రెండో బిడ్డ దగ్గర ఎవరూ ఉండరు. ఈ మాట అనుకోవడానికి అన్నం తినేటప్పుడు అయిదు నిమిషాలు చాలు.

తలుపు మూసి ఉంచడం మనకు అలవాటు లేని జాగ్రత్త. పిల్లలు రాత్రి పిలిస్తే వినపడాలని గది తలుపు బార్లా తీసి పడుకుంటాం. హాల్లో అలారం ఉన్న ఇంట్లో పిల్లల గది తలుపు మూసి ఉంచడమే మేలు. మూసిన చెక్క తలుపు పొగనూ వేడినీ కొన్ని నిమిషాలైనా ఆపుతుంది, ఆ నిమిషాల్లోనే మనం లేస్తాం. గడియ మాత్రం వద్దు. స్నానాల గదికీ పడకగదికీ గడియ పెట్టుకుని ఆడుకునే వయసు పిల్లలుంటే ఆ గడియలను వాళ్లకు అందనంత పైకి మార్పించండి. నిప్పంటుకున్న గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు కూడా ఆ తలుపు లాగి మూసేయాలి. ఇంటి తలుపు మూసి వచ్చినా పై అంతస్తుల వాళ్లకు మేలు చేసినట్టే.

పిల్లలతో ఈ విషయం ఎలా మాట్లాడాలన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. చిన్నపిల్లలకు నిప్పు కనిపిస్తే మొదట వచ్చే బుద్ధి పారిపోవడం కాదు, దాక్కోవడం. మంచం కింద, బీరువా వెనక, అమ్మ చీరలు మడతపెట్టిన అరలో. వాళ్ల లోకంలో భయం వేసినప్పుడు కాపాడినవి అవే మరి. దీనికి ఇంకొకటి తోడవుతుంది. నిప్పు వాళ్ల ఆట వల్లే పుట్టిందనుకోండి. అగ్గిపెట్టె తీసి గీసిన పిల్లాడు, దీపం దగ్గర కాగితం పెట్టిన పిల్ల, కర్టెన్ అంటుకోగానే ముందు భయపడేది నిప్పుకు కాదు, అమ్మ తిడుతుందని. ఆ భయంతో నోరు మెదపకుండా తలుపు మూసుకుని కూర్చున్న ఒక్క నిమిషంలో గది అంటుకుపోతుంది.

కాబట్టి ఈ ఒక్క విషయంలో పిల్లలకు ముందే మాట ఇచ్చేయండి. ‘నాన్నా, నిప్పు ఎవరు పెట్టినా సరే, నువ్వే పెట్టినా సరే, కనిపించగానే గట్టిగా అరిచి మా దగ్గరికి వచ్చెయ్. తిట్టం, కొట్టం’ అనండి. ఒకసారి అంటే సరిపోదు, అప్పుడప్పుడూ అంటూ ఉండండి. రేపు ఏదో చిన్న కాగితం తగలబెట్టి వచ్చి చెప్తే ఆ మాట నిలబెట్టుకోండి. ఆ రోజు వీపు మీద దెబ్బ పడిందంటే ఇక వాడు మీకు చెప్పడు.

నేర్పాల్సినవి పెద్ద పాఠాలేమీ కావు, ఆటలాగా నేర్పొచ్చు. గది తలుపు మూసి ఉంటే తెరవబోయే ముందు అరచేతి వెనుక భాగం ఆనించి చూడాలి. వేడిగా ఉంటే తీయకూడదు. పొగ ఉంటే నేలబారున పాకుతూ రావాలి, ఎందుకంటే పొగ పైన పేరుకుంటుంది, కాస్త మంచి గాలి కింద మిగులుతుంది. నాలుగేళ్ల పిల్లలు ఇది ఎంత ఉత్సాహంగా చేస్తారో! దుప్పటి రెండు చివర్లా పట్టుకుని, దానికి తల తగలకుండా కిందినుంచి పాకమంటే పదిసార్లు పాకుతారు. ఒంటి మీది బట్టలంటుకుంటే పరుగెత్తకుండా ఆగి, నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని అటూ ఇటూ దొర్లాలి. లిఫ్టు ఎక్కకూడదు. బొమ్మ కోసమో ఫోన్ కోసమో వెనక్కి వెళ్లకూడదు. ఈ చివరిది పిల్లలకంటే మనకే ఎక్కువ అవసరం. సర్టిఫికెట్ల ఫైలు కోసం, బంగారం కోసం వెనక్కి వెళ్లాలన్న ఆరాటం మనదే.

చదువుకునే వయసొచ్చిన పిల్లలకు ఇంటి అడ్రసు నోటికి రావాలి. అపార్ట్‌మెంట్ పేరు, బ్లాకు, ఎన్నో అంతస్తు, ఫ్లాట్ నంబరు, దగ్గర్లోని గుడో బడో. అగ్నిమాపక శాఖకు 101, ఏ ఆపదకైనా 112. లాక్ వేసిన ఫోన్ నుంచి అత్యవసర కాల్ ఎలా చేయాలో కూడా చూపించండి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పొగలోకి వచ్చే ఫైర్‌మ్యాన్ ముఖానికి మాస్కు, వీపున గాలి సిలిండరు, తలకు హెల్మెట్ ఉంటాయి, ఊపిరి బుసబుసమంటుంది. చీకట్లో ఆ ఆకారం చూసిన పసిపిల్లలు భయపడి ఇంకా లోపలికి నక్కుతారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలార్పుతూ అసువులు బాసిన సిబ్బంది జ్ఞాపకార్థం మొదలైనవి అవి. ఆ వారంలో దగ్గర్లోని ఫైర్ స్టేషన్ వాళ్లను అడిగి, పిల్లలను తీసుకెళ్లి ఆ మాస్కు వేసుకున్న మనిషిని చూపించండి. ‘ఈ మామయ్య వస్తే ఇక్కడున్నాను అని అరవాలి’ అని చెప్పండి.

మెట్లదారి నిండా పొగ ఉంటే ఏం చేయాలో కూడా పిల్లలకు తెలిసి ఉండాలి. ఆ పొగలోకి దిగకూడదు. లోపలే ఉండి, ఇంటి తలుపు మూసి, దాని కింది సందుల్లో తడిగుడ్డలు కుక్కి, రోడ్డువైపున్న గదిలోకో బాల్కనీలోకో చేరి, ఆ గది తలుపూ మూసుకోవాలి. అక్కడినుంచి ఫోన్ చేయాలి, రంగు గుడ్డ ఊపాలి, రాత్రయితే ఫోన్ లైటు చూపాలి. పొగ నిండిన మెట్ల మీద నాలుగు అంతస్తులు దిగడం కంటే మూసిన తలుపు వెనక నిలబడటమే చాలాసార్లు ప్రాణం నిలుపుతుంది. మంట మీ ఇంట్లోనే ఉండి మెట్లదారి తేటగా ఉంటే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా దిగిపోవాలి.

వంటింటి సంగతులు చాలావరకు మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. రాత్రి పడుకునేముందు సిలిండర్ మీది రెగ్యులేటర్ కట్టేయాలి. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి. గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి నేలమీదే పరుచుకుంటుంది. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు. కిటికీలు తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు అస్సలు పోయకూడదు, భగ్గున ఎగసి మీద పడుతుంది. స్టవ్ ఆపి మూత పెట్టేయాలి. పిల్లలకు ఒళ్లు కాలితే వెంటనే కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు పారించాలి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, వెన్న, ఐసు ఏవీ వద్దు. ఆపైన శుభ్రమైన గుడ్డ కప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కార్తీక దీపాలు గడప పక్కన వెలిగించినప్పుడు పరికిణీ కుచ్చిళ్లు గమనించుకోండి, పండగపూట పిల్లలకు నూలు బట్టలు వేయండి. దోమల చుట్టను పరుపుకు దూరంగా, పళ్లెంలో పెట్టండి.

బండి బ్యాటరీ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో కొద్దిరోజుల తేడాతో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉండగా పేలి చనిపోయారు. రెండుచోట్లా ఇంట్లో మనుషులు నిద్రపోతున్న వేళ. లిథియం బ్యాటరీ అంటుకుంటే చిన్న మంటగా మొదలై పెరగదు, క్షణాల్లో విషవాయువుతో బద్దలవుతుంది. అందుకని పడకగదిలో, ఇంటి గుమ్మం దగ్గర, మెట్ల కింద బ్యాటరీ ఛార్జింగ్ పెట్టొద్దు. ఇంట్లోంచి బయటికి వెళ్లే ఒకే దారికి అది అడ్డంగా ఉందంటే ఇక ఎవరూ దాటలేరు. రాత్రంతా వదిలేయొద్దు, కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడాలి, కింద పడ్డ బ్యాటరీని, ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ప్లగ్‌కు తగిలించొద్దు.

ఇంతవరకు చెప్పింది మన గడప లోపలి సంగతి. బయట మెట్లదారి బాగోకపోతే ఇదంతా సగమే. తెలుగు రాష్ట్రాల్లో 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న నివాస భవనాలకే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి. మన వీధుల్లో వరుసగా నిలబడ్డ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లలో ఎక్కువ భాగం ఈ ఎత్తుకు కిందే. అంటే మనలో చాలామంది ఇళ్లకు వచ్చి ఇది మార్చు, అది తీసెయ్ అని చెప్పే అధికారి ఎవరూ ఉండరు. చూసుకోవాల్సింది అక్కడ కాపురముండే మనమే.

ఓ సాయంత్రం పిల్లల చెయ్యి పట్టుకుని పై అంతస్తు నుంచి కిందిదాకా మెట్ల మీద నడిచి రండి. లిఫ్టుకు అలవాటుపడి ఆ మెట్లు చూసి ఎన్నాళ్లయిందో. చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు, విరిగిన ఊయల, తులసి కోట, ఎవరిదో ఏసీ డబ్బా. టెర్రస్ తలుపుకు తాళం, చెవి ఎవరి దగ్గరుందో తెలియదు. ఫైర్ డోర్ ఉన్న భవనాల్లో గాలి కోసమని దానికి ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు, పొగను ఆపాల్సిన తలుపు అది. సెల్లార్‌లో కరెంటు మీటర్ల బోర్డు కింద అట్టపెట్టెలు, పెయింట్ డబ్బాలు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పైన కాపురముంటున్న తొమ్మిది మంది ఆ రోజే ప్రాణాలు కోల్పోయారు. కింద ఏం పెట్టారో పైవాళ్లు అడిగి తీరాలి. కింద దుకాణమో గోడౌనో ఉన్న భవనంలో ఫ్లాట్ అద్దెకు తీసుకునే ముందు, అద్దె ఎంత అనేదానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అది.

అసోసియేషన్ మీటింగ్‌లో ఈ మాటలెత్తితే కొందరు ముఖం చిట్లిస్తారు. చెప్పుల స్టాండు తీయమంటే అది గొడవలకు దారితీస్తుంది. అందుకే ముందు మీ గుమ్మం ముందున్నది తీసేయండి, ఆపైన ఎదురింటివాళ్లతో మాట్లాడండి. ‘పొగలో మా పాప దీనికి తట్టుకుని పడిపోతుందేమో అండీ’ అంటే కాదనేవాళ్లు అరుదు. నిబంధనల పేరు చెప్తే వాదిస్తారు, పసిబిడ్డ పేరు చెప్తే వింటారు. నిర్వహణ ఖర్చుల్లో ముగ్గుల పోటీకీ వినాయక చవితి పందిరికీ తీసేటప్పుడు, అగ్నిమాపక సిలిండర్ల రీఫిల్‌కూ కొంత తీయమనండి. దాని మీద చిన్న గడియారం లాంటిది ఉంటుంది, ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో మీ పదేళ్ల పిల్లే చూసి చెప్పగలదు. ఫైర్ పంపు స్విచ్ ఆటోలో ఉందా, గొట్టం పెట్టెలో గొట్టం నిజంగా ఉందా, గేటు దగ్గర కార్లు ఫైరింజన్‌కు అడ్డం పడకుండా ఉన్నాయా అన్నవి కమిటీ వాళ్లు చూడాలి. ఏడాదికి రెండుసార్లయినా అందరూ కలిసి మెట్లు దిగి కింద ఒక చోట చేరే డ్రిల్ పెట్టుకోవాలి. కింద చేరాక తలలు లెక్కపెట్టుకోవాలి. ఏ వేపచెట్టు కిందో, ఏ గేటు దగ్గరో అందరికీ తెలిసిన చోటు అది. అది లేక, కిందికి వచ్చేసిన బిడ్డ కోసం మళ్లీ పైకి పరుగెత్తే తండ్రులుంటారు.

ఆ లెక్కలో వాచ్‌మన్ పిల్లలు ఉండాలి. ఎన్నో అపార్ట్‌మెంట్లలో వాళ్ల కుటుంబం సెల్లార్‌లోనో, మెట్ల కిందో, మీటర్ల పక్కనో ఒక గదిలో ఉంటుంది. ఒకే తలుపు, కొన్నిచోట్ల కిటికీ కూడా ఉండదు. లోపలే పొయ్యి, లోపలే పడక. బళ్లన్నీ ఛార్జింగ్ పెట్టేది ఆ గది గోడకే. అపార్ట్‌మెంట్‌లో నిప్పు మొదలయ్యే చోట్ల అన్నిటికీ దగ్గరగా పడుకునేది ఆ పిల్లలే. మీ హాలుకు ఒక అలారం కొన్నప్పుడు ఆ గదికీ ఒకటి కొనండి. ఛార్జింగ్ పాయింట్లు ఆ గోడ నుంచి దూరంగా జరపమని మీటింగ్‌లో మీరే అడగండి, వాళ్లు అడగలేరు. గదికి గాలి ఆడే కిటికీ లేకపోతే పెట్టించడం, తలుపు ముందు బండి నిలపకపోవడం కూడా ఆ మీటింగ్‌లోనే తేల్చండి. డ్రిల్ రోజున మీ పిల్లలతో పాటు వాళ్లనూ నేలబారున పాకించి, 101 నంబరు, ఇంటి అడ్రసు నోటికి వచ్చేదాకా చెప్పించండి.